కాలనీ వెనక ఒర్రె గట్టును తినేస్తోంది, గోడ కడితే ఆగుతుందా?

వెంకట్_తుర్కయంజాల్ | జూలై 6, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మా కాలనీ హైదరాబాద్ శివార్లలో, తుర్కయంజాల్ దాటి కొంచెం లోపలికి ఉంటుంది. 2014లో 200 గజాల ప్లాటు కొని, 2017లో ఇల్లు కట్టుకున్నాం. మా వెనక వరుస ఇళ్లను ఆనుకుని ఒక ఒర్రె పోతుంది. దానికి పేరు లేదు, కాగితాల్లో నాలా అని మాత్రమే రాసి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మా పిల్లలు ఈ గట్టు మీంచి ఆ గట్టుకు దూకి ఆడుకునేవాళ్లు. మోకాలి లోతు ఉండేదేమో. ఇవాళ పొద్దున టేపు పెట్టి కొలిచాను. పైన వెడల్పు 17 అడుగులు, లోతు 8 అడుగులు.

గురువారం రాత్రి గంటసేపు గట్టి వాన పడింది. టెన్షన్‌తో నిద్రపట్టక టార్చి పట్టుకుని వెనక వరండాలో కూర్చున్నాను. వాన ఉన్నంతసేపూ ఏమీ కాలేదు. పొద్దున ఐదున్నరకు, నీళ్లు అడుగంటిన తర్వాత, ధబ్బుమని చప్పుడైంది. ప్రహరీ అవతల ఉన్న వేపచెట్టు, కింద మట్టితో సహా ఒర్రెలోకి జారి నిలువుగా కూర్చుంది. కొమ్మల మీద పిచ్చుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు మా ప్రహరీ పునాదికీ గట్టు అంచుకీ మధ్య మిగిలింది మూడడుగులు.

పక్కింటివాళ్లతో కలిపి ముగ్గురం 60 అడుగుల రిటైనింగ్ వాల్, అంటే గట్టు మట్టిని ఆపే గోడ, కట్టించుకుందామని మాట్లాడుకుంటున్నాం. గోడ కడితే ఆగుతుందా? ఇంకొకటి కూడా అర్థం కావడం లేదు. వానలు ముందు కూడా ఉన్నాయి కదా, ఈ ఎనిమిదేళ్లలోనే ఎందుకిలా అయింది?

సూటిగా | జూలై 6, రాత్రి 9:48

వానలు మారాయండి, అంతే. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. అంత వానకు ఏ గట్టు నిలుస్తుంది? అప్ప చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు హైవే మునిగింది, నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. ఇళ్లు కట్టడం వల్లే ఒర్రె కోసుకుంటోందని అనేవాళ్లు ఉంటారు కానీ, నాకు అది సగం నిజంగానే తోస్తుంది. గోడ కట్టించండి, ఆలస్యం చేయకండి.

చెరువుకట్ట | జూలై 6, రాత్రి 10:30

వెంకట్ అన్నా, మాది అటువైపు ఊరే. మీ కాలనీకి పైన మా చిన్నాయన వాళ్ల చెలకలు ఉండేవి. ఆముదం, కంది, జొన్న వేసేవాళ్లు. ఆ ఒర్రె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

మృగశిర కార్తెలో తొలకరి వానలకు ఆ ఒర్రె పారేదే కాదు. ఎంత పడినా నేల తాగేసేది. ఆరుద్రలో కూడా అంతే, తడి మాత్రం కనిపించేది. మఖ కార్తె వచ్చి, పెద్ద వాన రెండు మూడు పడి, పైన ఉన్న కుంట నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు మీంచి పొర్లితే, అప్పుడు పారేది ఒర్రె. అప్పుడు కూడా నీళ్లు రెండు మూడు రోజులు సన్నగా, తేటగా వచ్చేవి. మేం అందులో బట్టలు ఉతికేవాళ్లం. గట్ల మీద ఈత చెట్లు, వావిలి పొదలు ఉండేవి. బాలింతలకు నీళ్లు కాచడానికి మా నాయనమ్మ ఆ వావిలి ఆకే తెమ్మనేది. అంత దట్టంగా ఉండేది, ఎంత కోసినా తరిగేది కాదు.

కుంటను లేఅవుట్‌లో కలిపేశారు. కట్టను జేసీబీతో తోసి దాన్నే నింపారు. కట్ట మీద మైసమ్మ గద్దె ఉండేది, ఇప్పుడు ఆ గద్దె ఒక ఇంటి గేటు పక్కన ఉంది. వాన మారిందో లేదో నాకు తెలియదు. నేల మారింది మాత్రం నేను కళ్లారా చూశాను.

నీటిలెక్క | జూలై 7, ఉదయం 6:25

వెంకట్ గారూ, చిన్ననీటి పారుదలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీరు రాసిన దాంట్లో నా కంటికి ముందు ఆనింది వాన ఆగాక గట్టు కూలిందన్న మాట. దాని గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది.

ఒర్రె నిండుగా పారుతున్నప్పుడు నీళ్లు గట్టు లోపలికి కూడా దిగుతాయి. మట్టి బరువెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. అయినా నిలబడుతుంది, ఎదురుగా నిండి ఉన్న నీళ్లే దానికి ఆసరా కాబట్టి. నీళ్లు దిగిపోగానే ఆ ఆసరా పోతుంది, లోపలి తడి మాత్రం పోదు. అడుగున ప్రవాహం అప్పటికే తొలిచేసి ఉంటుంది. పై భాగం చూరులా వేలాడుతూ ఉండి, ఉన్నట్టుండి విరిగి పడుతుంది. చెలకల కాలంలో నీళ్లు మెల్లగా తగ్గేవి కాబట్టి గట్టులో తడి కూడా మెల్లగా బయటికి వచ్చేసేది. ఇప్పుడు అరగంటలో పొంగి అరగంటలో తగ్గుతోంది. దయచేసి వాన వెలిసిన రోజంతా పిల్లల్ని ఆ వైపు పంపకండి. అందరూ వాన పడేటప్పుడు భయపడి, ఆగిన తర్వాత చూడ్డానికి వెళ్లి అంచున నిలబడతారు.

ఇక ఎందుకిలా అన్నదానికి లెక్క చెప్తాను. మీ ప్లాటు 200 గజాలు, అంటే 167 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వాన పడితే దాని మీద 8,350 లీటర్లు పడినట్టు. ఎండాకాలంలో మనం తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర కంటే ఎక్కువే. స్లాబ్, పార్కింగ్ టైల్స్, ముందు సీసీ రోడ్డు అన్నీ కలిస్తే అందులో ఇంకేది చాలా కొద్ది.

మీ ఒర్రెకు పైన 100 ఎకరాలు ఉందనుకుందాం. గంటకు 3 సెంటీమీటర్ల చొప్పున వాన కురుస్తోంది. చెలక అయితే పడినదాంట్లో పావు వంతు పారుతుందని మేం లెక్క వేసేవాళ్లం. ఒర్రెలోకి సెకనుకు 840 లీటర్లు వస్తాయి. అదే నేల మీద ఇళ్లు, రోడ్లు వచ్చాక 70 శాతం పారుతుందని వేసుకుంటే సెకనుకు 2,360 లీటర్లు. వాన అదే, ఒర్రె అదే, నీళ్లు మూడింతలకు దగ్గర.

నిజానికి ఈ లెక్క కూడా తక్కువే చెప్తోంది. చెలక మీద గెట్లు, గడ్డి, దున్నిన సాళ్లు దాటుకుంటూ ఆగి ఆగి వచ్చే నీళ్లకు గంట పడితే, సీసీ రోడ్డు మీద పది పదిహేను నిమిషాలు చాలు. గంటసేపు పడే వానలో ఆ పది నిమిషాల జోరు ఎప్పుడూ సగటు కంటే చాలా ఎక్కువ ఉంటుంది, ఒర్రెకు ఇప్పుడు ఆ జోరంతా నేరుగా తగులుతోంది. పెద్ద నదికి ఈ ఇబ్బంది తక్కువ. ఒక మూల వాన పడుతుంటే ఇంకో మూల పడదు, నీళ్లు ముందూ వెనకా వస్తాయి. 100 ఎకరాల ఒర్రెకు వాన అంతటా ఒకేసారి, నీళ్లన్నీ ఒకేసారి. చిన్న ఒర్రెలే ముందు పాడైపోవడానికి కారణం ఇదే.

సూటిగా | జూలై 7, ఉదయం 8:02

సార్, లెక్క బాగుంది. కానీ 32 సెంటీమీటర్లు పడిన రోజున చెలక అయినా స్లాబ్ అయినా ఒకటే కదా? నేల నానిపోయాక అది కూడా తాగదు.

నీటిలెక్క | జూలై 7, ఉదయం 8:40

మీరన్నది నిజం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడినప్పుడు కూడా అంతే, పెద్ద వానకు నేలకూ స్లాబుకూ తేడా తగ్గిపోతుంది. కానీ గట్టును ఎక్కువగా కోసేది ఆ ఒక్క వాన కాదు.

చెరువుకట్ట తమ్ముడు రాసింది మళ్లీ చదవండి. తొలకరికి ఒర్రె పారేదే కాదు అన్నాడు. రెండు సెంటీమీటర్ల వాన అప్పుడు సున్నా. ఇప్పుడు అదే రెండు సెంటీమీటర్లకు ఒర్రె గట్టు దాకా వస్తుంది. మామూలుగా ఒక వాగు తన గట్టు నిండా పారేది ఏడాదికోసారో రెండేళ్లకోసారో. దాని వెడల్పు, లోతు ఆ ప్రవాహానికి సరిపోయేలా తయారై ఉంటాయి. ఇప్పుడు జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకు నాలుగైదు సార్లు నిండా పారుతోంది. ప్రతిసారీ కొంచెం తీసుకుపోతోంది. 2020 వాన లేకపోయినా వెంకట్ గారి గట్టు ఇప్పటికి ఇంచుమించు ఇలాగే ఉండేదని నా నమ్మకం.

స్వప్న_జియో | జూలై 7, మధ్యాహ్నం 1:15

భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. ఈ చర్చలో ఇంకా రాని విషయం ఒకటుంది, అది మట్టి. నీళ్లు ఎన్ని వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఆ నీళ్లు ఎంత మట్టిని మోసుకొచ్చాయన్నది అంతే ముఖ్యం.

వెంకట్ గారూ, ఒకటి గుర్తు తెచ్చుకోండి. మీరు ఇల్లు కట్టేటప్పుడు, పైన వెంచర్లు వేస్తున్నప్పుడు, ఒర్రె లోతు తగ్గిందా? అడుగున ఎర్ర మట్టి, ఇసుక పేరుకుందా? పేరుకునే ఉంటుంది. అమెరికాలో మేరీల్యాండ్ వాగుల మీద వోల్మన్ అనే ఆయన 1967లో ఈ వరుసను చక్కగా చూపించారు. వ్యవసాయం ఉన్న రోజుల్లో చదరపు మైలుకు ఏడాదికి వందల టన్నుల్లో కొట్టుకొచ్చే మట్టి, నేలను తవ్వి వదిలేసిన నిర్మాణ దశలో కొన్ని వేల టన్నుల నుంచి, చిన్న చిన్న తావుల్లో లక్ష టన్నుల పైదాకా వెళ్లింది. ఇళ్లు పూర్తయి, రోడ్లు పడ్డాక మట్టి రావడం ఆగిపోయింది. నీళ్లు మాత్రం ఆగలేదు.

అసలు కోత ఆ తర్వాతే మొదలవుతుంది. మట్టిని మోసుకొచ్చే నీళ్ల శక్తిలో కొంత ఆ మోతకే ఖర్చవుతుంది. స్లాబుల మీంచి, రోడ్ల మీంచి వచ్చే నీళ్లు ఖాళీ చేతులతో వస్తాయి. వాటి శక్తి అంతా ఒర్రె అడుగు మీదా గట్ల మీదా పడుతుంది. అందుకే వెంచర్ వేసిన మొదటి నాలుగేళ్లు ఒర్రె పూడినట్టు కనిపిస్తుంది, కాలనీ నిండాక లోతు పడుతుంది. చాలామంది ఆ మొదటి దశ చూసి పూడిక తీయమని అర్జీలు పెడతారు. పూడిక తీస్తే రెండో దశ ఇంకా తొందరగా వస్తుంది.

ఇలా గట్ల నుంచి తెగిన మట్టి ఎక్కడికి పోతుంది? కింద చెరువులోకే. కాలిఫోర్నియాలో శాన్ డియాగో క్రీక్ అనే వాగు మీద 1997లో అచ్చయిన పరిశోధనలో, ఆ నీటి పరీవాహక ప్రాంతం నుంచి కొట్టుకొచ్చిన మట్టిలో దాదాపు మూడింట రెండు వంతులు వాగు తన సొంత గట్లను, అడుగును కోసుకోవడం వల్ల వచ్చిందేనని తేలింది. మన చెరువుల పూడిక గురించి మాట్లాడేటప్పుడు ఈ వాటా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. చెరువులో పూడిక తీసి, ఆ పూడికను పుట్టించే ఒర్రెను వదిలేస్తున్నాం.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాని పైన చివికిన మొరం పొర. కొన్నిచోట్ల అడుగు మందం, కొన్నిచోట్ల పదిహేను మీటర్లు. తేమ లేనప్పుడు మొరం గోడలా నిలబడుతుంది, తడిస్తే రవ్వలా రాలిపోతుంది. ఒర్రె కిందికి కోసుకుంటూ పోయి బండను తాకిందంటే ఇక లోతుకు పోలేదు. అప్పుడు పక్కలకు తిరుగుతుంది. మీ ఒర్రె అడుగున బండ కనిపిస్తోందా?

వెంకట్_తుర్కయంజాల్ | జూలై 7, రాత్రి 8:55

స్వప్న గారూ, మీరు అక్కడ నిలబడి చూసినట్టు రాశారు. 2015, 16లో ఒర్రె నిజంగానే పూడింది. మేమే అర్జీ పెట్టాం, జేసీబీ వచ్చి తీసింది. ఆ ఇసుకను ట్రాక్టర్లలో ఎవరో తీసుకుపోయారు కూడా. ఇవాళ ఆఫీసు నుంచి వచ్చి నిచ్చెన వేసుకుని దిగాను. మా ఇంటి వెనక అడుగున నల్లటి బండ, నున్నగా, పది అడుగుల పొడవున తేలి ఉంది. నిరుడు అది కనిపించలేదు. గట్టు అడుగున చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోయింది. పైన ప్రహరీ ఉన్నది ఆ బొరియకు దగ్గర్లోనే.

ఇంకొకటి గమనించాను. ఇదివరకు జనవరికల్లా ఎండిపోయే ఒర్రెలో ఇప్పుడు ఏడాది పొడుగునా మురుగు పారుతోంది. ఆ అడుగు భాగం ఎప్పుడూ ఆరదు.

రఫీ_సైట్ | జూలై 7, రాత్రి 10:20

వెంకట్ భాయ్, పదిహేనేళ్లుగా నాలా గోడల పనులు చేస్తున్నా. పని పోయినా పర్వాలేదు, ఉన్నది చెప్తా.

పడిపోయిన గోడలు నేను చూసినవాటిలో పైనుంచి విరిగినవి దాదాపు లేవు. అన్నీ కాళ్ల దగ్గరే పోయాయి. మేస్త్రీలు మొరం గట్టిగా ఉందని నాలుగడుగులు తవ్వి ఫుటింగ్, అంటే పునాది వేస్తారు. రెండు వానాకాలాల్లో నీళ్లు ఫుటింగ్ కిందికి దూరతాయి. గోడ ముందుకు వంగుతుంది. వెనక మట్టిలో నీళ్లు నిలిస్తే ఆ బరువు ఇంకోటి. ఆ నీళ్లు బయటికి రావడానికి గోడలో వీప్ హోల్స్ అనే రంధ్రాలు పెడతారు కానీ వాటి వెనక కంకర నింపరు, ఆరు నెలల్లో మట్టితో మూసుకుపోతాయి. మీ దగ్గర బండ తేలింది అంటున్నారు, అది మీ అదృష్టం. గోడ కట్టాల్సి వస్తే బండ దాకా పోయి, బండకు రంధ్రాలు వేసి రాడ్లు దింపి, దాని మీద కట్టాలి. మట్టి మీద మాత్రం కట్టకండి.

కానీ మీ ముగ్గురికే 60 అడుగులు కడితే గోడ రెండు చివర్ల దగ్గర ఏమవుతుందో చెప్తా. నీళ్లు నున్నటి కాంక్రీటు మీద జోరు పెంచుకుని, గోడ అయిపోగానే నాలుగో ఇంటి మట్టిని పట్టుకుంటాయి. ఎదురు గట్టు సంగతీ అంతే. ఒక కాలనీలో నేనే ఇలా కట్టా. మూడేళ్లకు గోడ బాగానే ఉంది, దాని కింది వరుసలో ఒకరి బాత్‌రూమ్ పోయింది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి ఏమీ అనలేదు, చాయ్ ఇచ్చి ఆ చోటు చూపించింది. ఆ తర్వాత నుంచి ఎదురు గట్టు చూడకుండా ఏ పనీ ఒప్పుకోవడం లేదు.

గట్టుకు చోటు ఉంటే నిలువుగా ఉన్నదాన్ని వాలుగా కోసి, అడుగున ఇనుప జాలీల్లో రాళ్లు నింపి పేర్చి, పైన మొక్కలు పెట్టడం మంచిది. జాలీ వంగుతుంది కానీ విరగదు, నీళ్లు బయటికి వచ్చేస్తాయి. మీకు మూడడుగులే ఉంది కాబట్టి ప్రహరీ దగ్గర రాళ్ల జాలీ మెట్లుమెట్లుగా పేర్చాలి. వేసవి దాకా ఆగకండి, ఇప్పుడే తాత్కాలికంగా, ఇసుక బస్తాలు కాకుండా పెద్ద రాళ్లు ఆ బొరియలో సర్దించండి. చిన్న రాళ్లు వేస్తే ఒక్క వానకు పోతాయి.

నీటిలెక్క | జూలై 8, ఉదయం 6:10

రఫీ గారు చెప్పింది అక్షరాలా నిజం. రాళ్ల సైజు గురించి ఒక లెక్క కలుపుతాను. ఒర్రె అడుగు మీద నీటి రాపిడి రెండింటి మీద ఆధారపడుతుంది, నీటి లోతు, వాలు. అర మీటరు లోతు నీళ్లు నూటికి ఒకటి వాలులో పారుతుంటే చదరపు మీటరు మీద ఐదు కిలోల బరువుతో ఈడ్చినట్టు. సెంటీమీటరు సైజు గులక కదలడానికి అందులో ఆరో వంతు చాలు. లోతు రెట్టింపైతే రాపిడి రెట్టింపు, వాలు రెట్టింపైనా అంతే.

అందుకే అడుగుతున్నా, పైన లేఅవుట్‌లో ఒర్రెను వంపులు తీసి నిటారుగా మార్చారా? 200 మీటర్లు వంకరగా పారే దాన్ని 120 మీటర్ల సూటి కాలువ చేస్తే అంతే ఎత్తు తక్కువ దూరంలో దిగాలి. వాలు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పాత గ్రామ నక్షా తెచ్చుకుని చూడండి, ఒర్రె అసలు దారి అందులో ఉంటుంది.

చెరువుకట్ట | జూలై 8, ఉదయం 7:30

సార్, మార్చారు. నక్షా నా దగ్గర ఉంది, ఫొటో పెడుతున్నా. అసలు ఒర్రె పాము లాగ మూడు వంపులు తిరిగేది. రెండో వంపు దగ్గర మా మామిడి చెట్టు. ఇప్పుడు అక్కడ 30 అడుగుల రోడ్డు, దాని పక్కన పెట్టె లాంటి కాంక్రీటు కాలువ. ఆ కాలువ నోరు వెంకట్ అన్న వాళ్ల కాలనీకి కొంచెం పైన తెరుచుకుంటుంది. నోటి ముందు పెద్ద గుంత పడింది, నా ఎత్తు ఉంటుంది.

వేదిక నిర్వహణ | జూలై 8, ఉదయం 9:00

నక్షా ఫొటోలో సర్వే నంబర్లు, పట్టాదారుల పేర్లు కనిపిస్తున్నందున తొలగించాం. లేఅవుట్ పేరు, ఆఫీసుల పేర్లు రాయకుండా చర్చ కొనసాగించండి.

సూటిగా | జూలై 8, మధ్యాహ్నం 12:20

నేను మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కుంట పోయింది, వంపులు పోయాయి, ఇసుక ఎత్తేశారు, పైనుంచి సీసీ. ఇన్ని జరిగాక వాన ఒక్కటే కారణమని అనలేం. కానీ ఒక సందేహం. అయితే ఒర్రె మొత్తాన్ని చెరువు దాకా అలాగే కాంక్రీటు పెట్టె చేసేస్తే కోత సమస్యే ఉండదు కదా?

నీటిలెక్క | జూలై 8, సాయంత్రం 5:45

కాంక్రీటు ఉన్నంత మేర ఉండదు. అది అయిపోయిన చోట మొత్తం వడ్డీతో సహా ఉంటుంది. చెరువుకట్ట తమ్ముడు చెప్పిన గుంత అదే. చెరువు దాకా కడితే చెరువులోకి అన్ని నీళ్లూ ఒకేసారి చేరి, కట్ట మీద భారం పడుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చినప్పుడు పై పరీవాహకంలో 788 చెరువుల్లో 221 తెగాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు లెక్క తీశారు. ఒక చెరువు తెగితే దాని నీళ్లు కింది చెరువును తెంపాయి. దానికి ఆయన చెప్పిన ముఖ్యమైన మందు నీళ్లను ఊరికి పైనే ఆపడం. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. ఒర్రెకు కూడా అదే సూత్రం, కాకపోతే సైజు చిన్నది. గొలుసుకట్టు చెరువులు, వాటి పైన కుంటలు ఆ పనే చేసేవి. కుంట నీళ్లను ఆపేది, ఇసుకను పట్టేది, మెల్లగా వదిలేది. దాన్ని తీసేసి వెయ్యి ఇంకుడు గుంతలు తవ్వినా అంత పని జరగదు.

పద్మజ_కె | జూలై 8, రాత్రి 9:30

మాది మణికొండ వైపు 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇంకుడు గుంతల మాట వచ్చింది కాబట్టి మా అనుభవం రాస్తున్నాను. మేం ఆరు గుంతలు తవ్వించాం. రెండింట్లో బండ తగిలింది, వాటిలో నీళ్లు వారం రోజులు అలాగే నిలిచి దోమలు పెరిగాయి. మిగిలిన నాలుగూ బాగా తాగాయి, మా పాత బోరు మళ్లీ పుంజుకుంది. బండ తగిలిన చోట పోరాడకుండా, టెర్రస్ పైపులను 30 వేల లీటర్ల సంపులోకి తిప్పాం. వాన తగ్గాక చిన్న పైపు నుంచి రాత్రంతా మెల్లగా వదులుతాం. మొక్కలకు, కార్లు కడగడానికి కూడా ఆ నీళ్లే. మా గేటు ముందు రోడ్డు మీద నీళ్లు నిలవడం చాలా తగ్గింది. ఒర్రె వరకు లెక్క మాకు తెలియదు, మా వంతు నీళ్లు మాత్రం ఒకేసారి పోవడం లేదు.

నీటిలెక్క | జూలై 9, ఉదయం 6:00

పద్మజ గారూ, మీరు చేసింది చాలా మంచి పని. ముఖ్యంగా చిన్న పైపుతో వదలడం. చాలాచోట్ల పెద్ద ట్యాంకు కట్టి, పెద్ద పైపు పెట్టి, వరద శిఖరం తగ్గింది కదా అని సంతోషిస్తారు. అలా వదిలితే ఒర్రెలో ఓ మోస్తరు ప్రవాహం గంటలకొద్దీ సాగి, కోత తగ్గదు సరికదా ఒక్కోసారి పెరుగుతుంది కూడా. వదిలే జోరు అడుగున ఇసుక కదలనంత తక్కువగా ఉండాలి.

వెంకట్ గారూ, మీ పై కాలనీలో పార్కు స్థలం ఉందా? 600 గజాలు ఉందనుకోండి. రెండడుగులు లోతు చేస్తే 3 లక్షల లీటర్లు పడుతుంది. ఆ కాలనీ 12 ఎకరాలైతే ఒక సెంటీమీటరు వానకు అక్కడి నుంచి పారేది సుమారు 3 లక్షల 40 వేల లీటర్లు. పెద్ద వానకు అది ఏ మూలకూ రాదు, ఆ సంగతి ముందే చెప్తున్నాను. కానీ నెలకు నాలుగుసార్లు గట్టును కొరికే చిన్న వానల్లో చాలావాటిని ఆ పార్కే మింగేస్తుంది. వాన లేనప్పుడు అందులో పిల్లలు ఆడుకోవచ్చు.

చట్టం సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇళ్ల నిర్మాణ నియమాల మీద 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ ఉంటే 2 మీటర్లు పక్కన ఏమీ కట్టకుండా వదలాలి. మీ ఒర్రెకు 2 మీటర్లే. ఎనిమిదేళ్లలో గట్టు వెనక్కి జరిగింది దాదాపు అంత. కదలని కాలువకు ఆ 2 మీటర్లు సరిపోతాయేమో. పైన ఊరు పెరుగుతున్న కొద్దీ వెడల్పయ్యే ఒర్రెకు సరిపోవని నా గట్టి అభిప్రాయం.

వెంకట్_తుర్కయంజాల్ | జూలై 13, రాత్రి 10:05

ఈ వారం జరిగింది రాస్తున్నాను. రఫీ భాయ్ చెప్పినట్టు ఆ బొరియలో ఇద్దరు మోయాల్సిన రాళ్లు ఒక ట్రాక్టరు సర్దించాం. గోడ పని ఆపాం. ముగ్గురం కాకుండా రెండు గట్ల మీదా ఉన్న పదకొండు ఇళ్లవాళ్లం మొదటిసారి ఒకచోట కూర్చున్నాం. ఎదురు గట్టు వాళ్లను ఈ ఎనిమిదేళ్లలో నేను పలకరించింది లేదు, వాళ్ల రేకుల షెడ్డు కూడా అంచుకు వచ్చేసింది.

ఆదివారం చెరువుకట్ట అన్నతో కలిసి ఒర్రె వెంట పైకి నడిచాను. కాంక్రీటు కాలువ నోరు చూశాను. గుంతలో పడిన నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి, చుట్టూ మట్టి ముద్దలు ముద్దలుగా ఊడుతోంది. అక్కడ ముందు పెద్ద రాళ్ల పరుపు వేయకపోతే కింద మేం ఏం చేసినా లాభం లేదని నాకే అర్థమైంది. ఆ పని అడుగుతూ పదకొండు సంతకాలతో అర్జీ ఇచ్చాం. పై కాలనీలో పార్కు 550 గజాలు ఉంది. వాళ్ల ప్రెసిడెంట్ మొదట, మా నీళ్లు మీకెందుకు అన్నారు. ఇళ్ల ముందు నీళ్లు నిలిచే ఇబ్బంది వాళ్లకూ ఉందని తెలిసి, నీటిలెక్క సార్ లెక్క చూపించాను. ఈ నెల మీటింగ్‌లో పెడతానన్నారు.

స్వప్న_జియో | జూలై 13, రాత్రి 10:40

వెంకట్ గారూ, అర్జీకి బలం రావాలంటే కొలతలు ఉండాలి. ఒక సులువైన పద్ధతి చెప్తాను. రెండడుగుల ఇనుప సీకులు తీసుకుని, గట్టు నిలువు ముఖంలోకి అడ్డంగా కొట్టండి. రెండు సెంటీమీటర్లు మాత్రం బయటికి ఉంచండి. ప్రతి వాన తర్వాత, గట్టు ఆరాక, ఎంత బయటపడిందో స్కేలుతో కొలిచి తేదీతో రాసుకోండి. ఆ రోజు ఎంత వాన పడిందో కూడా రాయండి. పైన, మధ్యలో, అడుగున వేరువేరుగా పెడితే ఎక్కడ ఎక్కువ తింటోందో తెలుస్తుంది. మా విద్యార్థులతో ఇదే చేయిస్తాను.

చెరువుకట్ట | జూలై 14, ఉదయం 6:50

వావిలి కొమ్మలు నేను తెస్తా అన్నా. నాటితే బతుకుతుంది, మేకలు ముట్టవు. అడుగున రాళ్లు నిలిచాక, గట్టు మధ్య వరుసలో పెడదాం. ఇప్పుడే పెడితే మట్టితో పాటు పోతాయి.

వెంకట్_తుర్కయంజాల్ | ఆగస్టు 10, రాత్రి 8:30

సీకుల లెక్క. మా గట్టుకు ఆరు కొట్టాను. జూలై 20 నుంచి ఇవాళ్టి వరకు మూడు వానలు, ఏదీ మూడు సెంటీమీటర్లు దాటలేదు. టీవీలో ఎక్కడా మాట రాని వానలు అవి. పై వరుస రెండు సీకులు కదల్లేదు. మధ్య వరుసలో ఒకటి ఒక సెంటీమీటరు, ఇంకోటి రెండు బయటపడ్డాయి. అడుగు వరుసలో రాళ్లు సర్దిన చోట ఉన్నది అలాగే ఉంది. రాళ్లు అయిపోయిన చోట, అంటే నాలుగో ఇంటి వెనక ఉన్నది, ఏడు సెంటీమీటర్లు బయటికి వచ్చింది. రఫీ భాయ్ చెప్పింది ఇదే కదా.

నాలుగో ఇంటాయనకు ఫొటో చూపించాను. రేపు ఇంకో ట్రాక్టరు రాళ్లు వస్తున్నాయి, కూలి అందరం పంచుకుంటున్నాం. ఎదురు గట్టు వాళ్లకు కూడా ఆరు సీకులు కోయించి ఇచ్చాను, వాళ్ల అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, తను రాస్తానంది. పార్కు మీటింగ్ 17న. స్వప్న గారూ, మధ్య వరుసలో ఒకే ఎత్తున కొట్టిన రెండింటికీ ఆ తేడా ఎందుకొచ్చింది? రెండోదాని పక్కన ఒక మురుగు పైపు కారుతోంది, అదే కారణమా?